ఏసీ లేని పాత ఇల్లు, గోడల మీద బల్లులు... వెళ్లమంటారా?

ప్రశ్న: సెలవులకని ఉష్ణమండల దేశంలో, సముద్రం ఒడ్డున ఒక పాత చెక్క ఇల్లు అద్దెకు బుక్ చేశాం. ఫొటోల్లో భలే ముచ్చటగా ఉంది. డబ్బు కట్టేశాక, అక్కడ ఉండి వచ్చినవాళ్లు రాసింది చదివితే టెన్షన్ పట్టుకుంది. ఏసీ లేదట, కిటికీలకు అద్దాల బదులు చెక్క రెక్కలేనట, రాత్రిళ్లు బల్లుల అరుపులట, వాన పడితే తలుపులు బిగుసుకుపోతాయట. చిన్నపిల్లలతో వెళ్తున్నాం. క్యాన్సిల్ చేసుకోమంటారా?

జవాబు: వద్దండీ, వెళ్లండి. మీరు రాసినవాటిలో భయపడాల్సింది ఒక్కటీ లేదు. ఏసీలు రాకముందు ఆ వేడికీ ఆ తేమకీ తట్టుకోవడానికి కట్టుకున్న ఇళ్లు అవి. ఎత్తైన కప్పు ఉంటే వేడిగాలి పైకి పోతుంది, ఎదురెదురు కిటికీలుంటే గాలి ఇటు వచ్చి అటు పోతుంది, వెడల్పాటి వరండా ఎండనీ జల్లునీ గోడ దాకా రానివ్వదు. కానీ చాలామంది ఏం చేస్తారంటే, పురుగులొస్తాయని అన్నీ బిగించేసుకుని, లోపల ఉక్కపోతకు నిద్రపట్టక, పొద్దున లేచి ఆ ఇంటిని తిట్టుకుంటారు. రెండు వైపులా రెక్కలు తెరవండి, ఒకవైపే తెరిస్తే లాభం లేదు. జల్లు కొడుతున్న వైపు రెక్కలు కిందికి వంచితే చాలు, నీళ్లు బయటే జారిపోతాయి, గాలి మాత్రం వస్తూనే ఉంటుంది.

తలుపుల సంగతంటారా, చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, అంతే. బలంగా గుంజితే గడియ ఊడి చేతికొస్తుంది. పాత ఇంట్లో ప్రతి తలుపుకీ, ప్రతి కుళాయికీ ఒక కిటుకు ఉంటుంది, ఇంటివాళ్లకు అది అలవాటైపోయి చెప్పడం మర్చిపోతారు. అందుకే తాళాలు తీసుకునేటప్పుడే వాళ్లతో కలిసి ఇల్లంతా ఒకసారి తిరిగి, దగ్గరుండి చూపించమనండి.

బల్లుల గురించి పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. వాటికి విషం లేదు, దీపం చుట్టూ మూగే పురుగుల్ని తింటాయి. రాత్రి వరండా లైటు వేసి చూపించండి: కాలివేళ్ల కింద కంటికి కనిపించనంత సన్నటి వెంట్రుకలు లక్షల్లో ఉంటాయి, వాటి పట్టుతోనే కప్పుకు తలకిందులుగా అంటుకుని కదలకుండా కాచుకుంటాయి, పురుగు దగ్గరకు రాగానే ఒక్క దూకు. పిల్లలు అక్కణ్ణుంచి కదలరు చూడండి.

నిజంగా జాగ్రత్తపడాల్సింది దోమలతో. డెంగీని మోసే ఏడిస్ దోమ పగలే కుడుతుంది, ముఖ్యంగా పొద్దుటిపూట, పొద్దుగూకే ముందు. గుడ్డు దోమ కావడానికి ఆ వేడిలో 7 నుంచి 10 రోజులు చాలు. దిగిన రోజే ఇంటి చుట్టూ తిరిగి కుండీల కింది పళ్లాలు, బకెట్లు, నీళ్లు నిలిచినవేవైనా ఒంపేయండి. దోమతెరకు చిరుగులుంటే పిన్నీసు పెట్టండి, అంచులు పరుపు కిందికి దోపండి, పిల్లలు పగలు పడుకున్నా దించండి. తడిబట్టలు మాత్రం సూట్‌కేసులో కుక్కకండి, ఒకట్రెండు రోజుల్లోనే బూజు పడుతుంది.

ప్రశ్న: మేము అలాంటి ఇంట్లోనే దిగాం. షవర్‌లోనే కరెంటు హీటర్ ఉంది. స్నానం చేస్తూ కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. పాత ఇల్లు కదా, మామూలేనని ఇంటి యజమాని అంటున్నారు. నిజమేనా?

జవాబు: కానే కాదు, ఇవాళ్టి నుంచే ఆ షవర్ వాడకండి. పాత ఇంటిని పైన అంతగా వెనకేసుకొచ్చాను గానీ, వైరింగ్ విషయంలో ఎవరు సర్దుకుపొమ్మన్నా వినొద్దు. కుళాయి దాకా కరెంటు లీకవుతోందనీ, ఎర్తింగ్ సరిగా లేదనీ అనుమానించాల్సిందే. తడి ఒంట్లోంచి కరెంటు తేలిగ్గా పారుతుంది, ఈ రోజు జివ్వుమన్నది రేపు ప్రాణం మీదికి తేవచ్చు. ఆ గీజర్ లైన్ బ్రేకర్ ఆఫ్ చేసి, పిల్లలు వేయకుండా దాని మీద కాగితం అంటించండి. ఆఫ్ చేశాక కూడా కుళాయి జివ్వుమంటే లోపం ఇంకెక్కడో ఉన్నట్టు, ఆ బాత్రూమ్‌లోకే వెళ్లొద్దు. యజమానికి నోటిమాటగా కాకుండా మెసేజ్ పెట్టి, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించమనండి. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే బ్రేకర్ ఆ ఇంట్లో ఉందో లేదో అతన్నే అడగండి. రేపటికల్లా ఎవరూ రాకపోతే ఇల్లు ఖాళీ చేసి, ఆ మెసేజ్ చూపించి మిగిలిన రోజుల డబ్బు వెనక్కి అడగండి.