సర్వర్ లేవగానే టేబుళ్ల మీద చెయ్యి వెయ్యనివ్వకు

అల్లుడూ,

పలాస జీడి వ్యాపారుల లెక్కల సాఫ్ట్‌వేర్ నీ చేతికొచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. నువ్వు పంపిన కోడ్ చూశాను. డేటాబేస్ టేబుళ్ల రూపం మార్చే మైగ్రేషన్ ఫైళ్లన్నీ కోడ్‌తో పాటే గిట్‌లో పెట్టావు, అక్కడ నీకు వంక పెట్టేదేం లేదు. సర్వర్ మీద యాప్ నడిచే కంటైనర్ లేచే స్క్రిప్టులో మొదటి లైనే, ఆ మార్పులు నడిపే మైగ్రేట్ కమాండ్ రాశావు చూడు, దాన్ని మాత్రం తీసెయ్.

ఈరోజుకి నీది ఒకటే సర్వర్. సీజన్లో రెండోది పెట్టక తప్పదు. రెండూ ఒక్కసారే లేస్తే రెండూ అదే మైగ్రేషన్ మొదలెడతాయి. ఫ్లైవే లాంటి మైగ్రేషన్ టూల్ అయితే ఇంకొకటి దూరకుండా ముందు లాక్ తీసుకుంటుంది, నువ్వు వాడే పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగో తీసుకోదు. ఒకటి నెగ్గుతుంది, రెండోది ‘ఈ కాలమ్ ముందే ఉంది’ అంటూ పడిపోతుంది. పైగా, బిల్లులు రాసుకునే యాప్ యూజర్‌కి టేబుళ్లు కొట్టేసే హక్కు ఎందుకు? మైగ్రేషన్‌కి వేరే యూజర్ పెట్టు, కోడ్‌ను సర్వర్ మీదకి పంపే డిప్లాయ్‌లో వేరే మెట్టు పెట్టు. అది సవ్యంగా అయ్యాకే కొత్త కోడ్ బయల్దేరాలి.

ఇక బస్తాల సంగతి. మన ఉద్దానంలో జీడిగింజల బస్తా అంటే 80 కిలోలు కదా, కిలోల్లోకి మారుద్దామన్నది మంచి ఆలోచనే. కానీ ఒకే మైగ్రేషన్లో కాలమ్ పేరు మార్చి, 80తో గుణించేశావు. ఆ క్షణం నుంచి కొత్త కోడ్ వచ్చేదాకా పాత కోడ్ బస్తాల కాలమ్ కోసం వెతుకుతూనే ఉంటుంది, ప్రతి బిల్లూ ఎర్రరే.

ఇలా చెయ్యి. ముందు కిలోల కాలమ్ ఖాళీగా ఉండొచ్చన్నట్టు కలుపు. ఖాళీ కుదరదని పెట్టి డిఫాల్ట్ ఇచ్చానులే అనుకోకు: టేబుల్‌ను పైథాన్‌లో వర్ణించే జాంగో మోడల్లో రాసే డిఫాల్ట్ పైథాన్ దగ్గరే ఆగిపోతుంది, డేటాబేస్‌లో మిగలదు, పాత కోడ్ కొత్త వరస ఇన్సర్ట్ చెయ్యబోతే పడిపోతుంది. డేటాబేస్‌లోనే ఉంచే డిఫాల్ట్ జాంగో 5.0 నుంచి వచ్చింది. తర్వాత రెండు కాలమ్‌లలోనూ రాసే కోడ్ పంపు. పాత వరసలను కొన్ని వేల చొప్పున విడివిడిగా నింపు, స్కీమా, అంటే టేబుళ్ల రూపం, మార్చే మైగ్రేషన్లోనే నింపితే లాక్ ఆఖరిదాకా వదలదు. చదవడం కిలోల మీదకి మళ్లాక బస్తాల కాలమ్‌ను ఖాళీ ఒప్పుకునేలా మార్చు, ఆ తర్వాతే మోడల్లోంచి తీసెయ్. పాత కోడ్ ఏ సర్వర్ మీదా లేదని తేలాకే టేబుల్లోంచి కొట్టెయ్. నాలుగైదు డిప్లాయ్‌లవుతాయి, విసుక్కోకు. కొట్టేసిన కాలమ్‌ను వెనక్కి తిప్పితే ఖాళీ కాలమ్ వస్తుంది, అందులోని లెక్కలు రావు.

లాక్ మాట ఇంకొంచెం చెప్పాలి. ఎవరో పెద్ద రిపోర్టు తీస్తున్నారనుకో, టేబుల్ మార్చే నీ ఆల్టర్ కమాండ్ దాని వెనక ఆగుతుంది. అంతటితో పోదు, ఆల్టర్ వెనక వచ్చిన చిన్నా చితకా క్వెరీలన్నీ ఆగిపోతాయి. కాశీబుగ్గ సందులో గోడౌన్ ఖాళీ కోసం నిలబడ్డ లారీ వెనక స్కూటర్లు ఆగినట్టే. పోస్ట్‌గ్రెస్‌లో లాక్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే లాక్ టైమౌట్‌కి మొదట్నుంచీ ఉండే విలువ సున్నా, అంటే ఎంతసేపైనా ఆగుతుంది. మైగ్రేషన్ యూజర్‌కి మూడు సెకన్లు పెట్టు. దొరక్కపోతే వదిలేసి కాసేపాగి మళ్లీ ప్రయత్నించనీ.

ఇంకోటి. మోడల్లో ఫీల్డ్, అంటే కాలమ్, పేరు మారిస్తే మైగ్రేషన్ ఫైలు రాసిచ్చే మేక్‌మైగ్రేషన్స్ ‘పేరు మార్చావా?’ అని అడుగుతుంది. చదవకుండా ఎంటర్ కొట్టావో, పాత కాలమ్ తీసేసి కొత్తది పెట్టే ఫైలు రాసిస్తుంది. డేటా గంగలో కలిసినట్టే. అందుకే, మైగ్రేషన్ వెనకున్న ఎస్‌క్యూఎల్ చూపించే ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్ కొట్టి, అసలు డేటాబేస్ మీద ఏం నడవబోతోందో ప్రతిసారీ కళ్లతో చూసుకో.

బస్తాల మైగ్రేషన్ విడగొట్టి ఆ ఎస్‌క్యూఎల్ నాకు పంపు, చూసి చెప్తాను. సిరిమానోత్సవం మంగళవారం మాత్రం డిప్లాయ్ పెట్టుకోకు, ఆ రోజు నేను ఫోన్ ఎత్తను.

ఆశీస్సులతో,
మీ మావయ్య
విజయనగరం