మాజ్డా 13బి విమాన ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ ఎందుకు పడిపోతుంది?

సొంతంగా కట్టుకున్న విమానంలో మాజ్డా కార్ల 13బి రోటరీ ఇంజన్ (పిస్టన్ల బదులు తిరిగే రోటర్లు ఉండేది), వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ పడిపోతోంది, బయట ఎక్కడా లీకు లేదు. ఇదీ ప్రశ్న.

కారణం తేలేదాకా దయచేసి ఎగరకండి. ఈ ఇంజన్‌లో ఆయిల్ బేరింగులకే కాదు, రోటర్లను లోపలి నుంచి చల్లబరచడానికీ కావాలి.

మొదట మీటర్‌ను అనుమానించండి. సెండర్ (ప్రెషర్ కొలిచి మీటర్‌కు పంపే సెన్సర్) తీసి, అదే రంధ్రానికి మెకానికల్ గేజ్ బిగించి చూడండి. గేజ్ బాగానే చూపిస్తే తప్పు సెండర్‌దో, వైరింగ్‌దో. అదీ తక్కువే చూపిస్తే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన కొడితే ఆయిల్ పల్చబడింది, మార్చాలి. ఆయిల్ టెంపరేచర్ మరీ ఎక్కువుంటే కూలర్‌కు గాలి సరిగా అందుతోందో లేదో చూసుకోవాలి.

ఇవన్నీ బాగుంటే నా అనుమానం ఇంజన్ ముందు మూత (ఫ్రంట్ కవర్) వెనకున్న చిన్న ఓ-రింగ్, అంటే గుండ్రటి రబ్బరు సీలు మీదే. పంపు నుంచి వచ్చే ఆయిల్ దారి అతుకు దగ్గర కారకుండా ఆపేది అదే. చితికితే ఆయిల్ లోపలే సంప్‌లోకి (అడుగునున్న ఆయిల్ తొట్టిలోకి) జారిపోతుంది, బయట చుక్క కూడా కనబడదు. కవర్ విప్పితే రింగు గుండ్రంగా కాక చదునుగా, అంచు తెగి కనిపిస్తుంది. అదీ బాగుంటే ప్రెషర్ రెగ్యులేటర్ వాల్వ్‌లో చెత్త ఇరుక్కుందేమో చూడండి. బేరింగుల అరుగుదల సంగతి ఆ తర్వాతే. అందుకు ఆయిల్ ఫిల్టర్ కోసి, మడతల్లో లోహపు మెరుపు ఉందేమో వెతకండి.