అటకమీది ప్రొజెక్టర్: ముందు రీలు, తర్వాతే మిషను

ప్రశ్న: మా మామగారు 1974లో అమెరికా నుంచి తెచ్చిన సూపర్ 8 (8 మిల్లీమీటర్ల వెడల్పు ఇంటి సినిమా ఫిలిం) ప్రొజెక్టరూ, పద్నాలుగు చిన్న రీళ్లూ అటకమీద దొరికాయి. ఒకదాంట్లో మా ఆడపడుచు పెళ్లి ఉందట. ప్లగ్గు పెట్టి చూడొచ్చా? రిపేరు ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: దయచేసి ప్లగ్గు పెట్టకండి. మిషను పాడైతే ఇంకోటి వెతుక్కోవచ్చు. ఆ పెళ్లి రీలు మాత్రం ఒక్కటే ఉంటుంది. ఇంటి సినిమాలు ఎక్కువగా రివర్సల్ ఫిలిం మీద తీసినవి. కెమెరాలో తిరిగిన ఫిలిమే కడిగాక తెరమీదికి వస్తుంది, వేరే నెగెటివ్ ఉండదు. అందుకే ముందు రీలుని చూడండి.

డబ్బా మూత తీసి వాసన పట్టండి. వెనిగర్‌లా ఘాటుగా ఉంటే ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిలిం చెడిపోవడం మొదలైనట్టే. ఆ రీలుని వేరే గదిలో పెట్టండి, దాని ఆవిరి పక్క రీళ్లకీ చేటు చేస్తుంది. తర్వాత కొలత. ఫిలింని అంచులతోనే పట్టుకుని బల్లమీద పరిచి, దాని అంచున వరసగా ఉండే కన్నాల్లో ఒక కన్నం పై అంచు నుంచి 101వ కన్నం పై అంచు వరకు కొలవండి. ఇవి 100 ఫ్రేములు. సూపర్ 8కి ఇది 423 మిల్లీమీటర్లు ఉండాలి. కన్నాలు పెద్దవిగా, రెండు ఫ్రేముల మధ్య గీత దగ్గర ఉంటే అది సూపర్ 8 కాదు, 1932 నుంచి వచ్చిన రెగ్యులర్ 8. దానికి 381 రావాలి. ఏ రకమైనా నాలుగు మిల్లీమీటర్లు తగ్గిందంటే ఫిలిం ఒక శాతం కుంచించుకుపోయింది. దాన్ని ప్రొజెక్టర్‌లోకి ఎక్కించొద్దు. ఫిలింని కిందికి లాగే చిన్న ఉక్కు కొక్కెం, అంటే క్లా, కన్నంలో సరిగ్గా పడక అంచంతా చింపుకుంటూ పోతుంది. అలాంటి రీలుని స్కానింగ్‌కే ఇవ్వండి.

ఇక మిషను. వెనక రేకు మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటే మన 230లో నేరుగా పెట్టగానే బల్బు పేలుతుంది, వైండింగూ కాలొచ్చు. కనీసం 300 వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అయితే అది వోల్టేజిని తగ్గిస్తుందే గానీ హెర్ట్జ్‌ని మార్చదు. ఇండక్షన్ మోటారు మన 50 హెర్ట్జ్ మీద ఆరో వంతు నెమ్మదిస్తుంది, సెకనుకి 18 ఫ్రేములు తిరగాల్సింది 15కి దిగుతుంది. పెళ్లివాళ్లంతా బరువుగా నడుస్తున్నట్టు కనిపిస్తే కారణం అదే. కొన్ని మోడళ్లలో బెల్టుని వేరే పుల్లీ మీదికి మార్చి దీన్ని సరిచేయవచ్చు.

మూత విప్పితే ఎక్కువసార్లు చెడిపోయి కనిపించేది బెల్టే. కొన్ని రకాల రబ్బరు ఏళ్లు గడిచేసరికి తీగపాకంలా సాగి పుల్లీకి అంటుకుపోతుంది, కొన్ని ఎండి పెళుసై విరుగుతాయి. ఆ జిగురుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో పూర్తిగా తీయాలి, పొర మిగిలితే కొత్త బెల్టు జారుతుంది. బెల్టు వెళ్లే దారిలో పుల్లీల చుట్టూ దారం చుట్టి కొలిచి, అందులో 5 నుంచి 10 శాతం తగ్గించండి. దారం 300 మిల్లీమీటర్లు వస్తే బెల్టు 270 నుంచి 285. అంతకంటే బిగుతైతే మోటారు మూలుగుతుంది, బుష్షులు అరుగుతాయి.

బేరింగులకి కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క చాలు. కొబ్బరినూనె వేయకండి. చలికాలంలో గడ్డకడుతుంది, తర్వాత జిడ్డై పట్టేస్తుంది. ఫిలిం నడిచే దారిలో నూనె చుక్క కూడా పడకూడదు. ఆ దారిలో ఫిలిం లెన్సు ముందు నిలిచే చోటుని గేటు అంటారు. అక్కడ ఫిలిం పూత రాలి గట్టిపడిన గోధుమరంగు పొక్కులుంటాయి. ఆవగింజలో సగం లేని ఒక్క పొక్కు చాలు, రీలు పొడుగునా నిలువు గీత పడుతుంది. అందుకే వాటిని ఇనుప మొనతో గీకకండి, వెదురు పుల్లతోనూ ఆల్కహాల్‌తోనూ తీయండి. కెపాసిటర్ ఉబ్బినా కారినా ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి, ప్లగ్గు తీశాక కూడా అందులో కరెంటు నిలిచి ఉండవచ్చు.

అప్పుడు బల్బు వెలిగించకుండా మోటారుని పది నిమిషాలు తిప్పండి. తర్వాత పనికిరాని పాత ఫిలిం ముక్కని నడిపించి, గీతలు పడలేదని భూతద్దంతో చూసుకోండి. పెళ్లి రీలు చివర.

ప్రశ్న: బొమ్మ కిందికీ పైకీ ఎగురుతోంది, టకటకమని చప్పుడు. క్లా అరిగిందా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: గేటు పైనా కిందా ఫిలిం కొంచెం వదులుగా వంపు తిరిగి ఉండాలి. క్లా ఆగి ఆగి లాగుతుంది, రీళ్లు మాత్రం ఆగకుండా తిరుగుతాయి. ఆ తేడాని మింగేది ఆ వంపే. అది పోతే ఈ చప్పుడొస్తుంది. ఆపి మళ్లీ ఎక్కించండి. వంపు సరిగ్గా ఉన్నా, మంచి ఫిలిం వేసినా ఎగురుతుంటే అప్పుడు గేటు స్ప్రింగునీ క్లానీ అనుమానించండి.

ప్రశ్న: రీళ్లకి తెల్లటి బూజు పట్టింది. తడిగుడ్డతో తుడవనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నీళ్లు తగలనివ్వకండి. ఫిలిం మీద బొమ్మని పట్టి ఉంచేది జెలటిన్ పొర. బూజు తిన్నచోట అది నీటికి కరిగిపోతుంది, బొమ్మ గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది. ముందు పొడిగా, చల్లగా ఉన్నచోట సిలికా జెల్ పొట్లాలతో ఆరనివ్వండి. తుడిచే పని ఫిలిం తెలిసినవాళ్లకి వదిలేయండి.

ప్రశ్న: బొమ్మ బాగా పడుతోంది గానీ, ఫోన్‌తో తెరని వీడియో తీస్తే మినుకుమినుకుమంటోంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ప్రొజెక్టర్ షట్టర్‌కి, అంటే వెలుగుని అడ్డుకుంటూ తిరిగే చక్రానికి, మూడు రెక్కలుంటే 18 ఫ్రేముల వేగంలో సెకనుకి 54 మెరుపులు పడతాయి, ఫోన్ లెక్కతో అవి కలవవు. వేగం మార్చే మీట ఉంటే 16⅔ ఫ్రేములకి దించండి. మెరుపులు సరిగ్గా 50 అవుతాయి. ఫోన్‌లో మాన్యువల్ కెమెరా యాప్ పెట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. మీటని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ ఫోన్ తెరని చూడండి, మినుకు ఆగిన చోట వదిలేయండి. మోటారు వేడెక్కేకొద్దీ వేగం కాస్త మారుతుంది, అందుకని రికార్డింగుకి ముందు పది నిమిషాలు ఫిలిం లేకుండా తిప్పండి.