ఆరో తరగతిలో చూసుకుందాంలే అంటే ఆలస్యమవుతుంది

మీరడిగింది ఇది: "మా బాబు ఊళ్లో ఎలిమెంటరీ స్కూల్లో రెండో తరగతి. ఆరో తరగతికి టౌన్లో మంచి హైస్కూల్లో వేస్తాం. అప్పటిదాకా చదువు కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు కదా? ప్రాథమిక బడి చదువు నిజంగా అంత ముఖ్యమా?"

ఫరవాలేదని మాత్రం అనలేనండీ. ఆదోని వైపు పల్లెల్లో మండల పరిషత్ ప్రాథమిక బడుల్లో చాలా ఏళ్లు ఎస్.జి.టి.గా, అంటే చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరుగా పనిచేశాను. ప్రమోషన్ వచ్చి ఇప్పుడు జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. హైస్కూల్లో చదవడం నేర్పే పీరియడంటూ ఏదీ ఉండదు. సైన్సు, సోషల్, లెక్కలు, ఏ టీచరు క్లాసులోకి వెళ్లినా పిల్లలకు చదవడం వచ్చనుకునే పాఠం మొదలుపెడతారు. రాని పిల్లవాడు మెల్లగా చివరి బెంచీకి జరుగుతాడు. రెండు మూడేళ్లు పోయాక ఇంట్లోవాళ్లూ, బడిలోవాళ్లూ, చివరికి వాడూ కూడా "వీడికి చదువు అబ్బలేదు" అని తేల్చేస్తారు. అబ్బాల్సిన వయసులో వాడి పక్కన ఎవరు కూర్చున్నారని ఎవరూ అడగరు.

తెలుగు చదవడమంటే అక్షరమాల అప్పజెప్పడంతో అయ్యేది కాదు. 'తల', 'వల', 'పలక' లాంటి మాటలతో మొదలైన పిల్లలు గుణింతాలు దాటి, ఒత్తులు దాటి, రెండో తరగతి అయ్యేసరికి 'పుస్తకం', 'వర్షం' లాంటివి తడుముకోకుండా చదవాలి. పైగా మన మాటలు ఒకదానికొకటి అతుక్కుని పొడుగైపోతాయి. 'వెళ్లిపోయారనుకున్నాను' అన్నది ఒకే మాట. దాన్ని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వచ్చే పిల్ల చివరికొచ్చేలోపు మొదలు మరిచిపోతుంది. ఇక వాక్యం అర్థమయ్యేదెక్కడ? చదవడంలో కాస్త వేగం వచ్చాకే మనసు అర్థం మీదికి పోతుంది. ఆ వేగం రోజూ చదివించగా చదివించగా మొదటి మూడు తరగతుల్లో రావాలి. అది వచ్చిన పిల్లలు ఆ తర్వాత సగం చదువు సొంతంగానే లాక్కొస్తారు.

లెక్కల్లోనూ ఇంతే. మూడు వందల నాలుగు రాయమంటే 3004 అని రాసే పిల్లలు ఆరో తరగతిలో నాకు ఏటా కనిపిస్తారు. చెవికి వినిపించింది విన్నట్టే రాస్తున్నారు, మూడు వందలు, పక్కన నాలుగు. స్థానవిలువ అనేది రెండో తరగతిలో పుల్లల్ని పదేసి కట్టలు కట్టించి, విప్పించి, మళ్లీ కట్టించి చేతులతో తెలియజెప్పాల్సిన సంగతి. అది తెలియని పిల్లకి 502లోంచి 37 తీసేయమంటే సున్నా దగ్గర చెయ్యి ఆగిపోతుంది. దశాంశాలు దానిమీదే నిలబడాలి కదా. తొమ్మిదో తరగతిలో బీజగణితం రాలేదని ట్యూషన్ పెట్టిస్తారు. కూర్చోబెట్టి వెనక్కి వెనక్కి అడుగుతూ పోతే చాలాసార్లు తేలేది రెండో తరగతి తీసివేత దగ్గరే.

మా వైపు ఇంకో కష్టం ఉంది, వలస. ఆదోని, కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి మిరపకాయలు కోయడానికి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు పోతాయి. ఇంట్లో చూసుకునే ముసలివాళ్లు లేకపోతే పిల్లలూ వెంటే. జనవరికి వెళ్లిన పిల్ల వచ్చేసరికి బడి సంవత్సరం అయిపోవస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే ఒకటో తరగతిలో గుణింతాలు గట్టిపడాలి, రెండో తరగతిలో ఒత్తులు పట్టుబడాలి. వరుసగా రెండేళ్లు అలా పోయిన పిల్ల మూడో తరగతిలో ఎదురుగా కూర్చుంటే, వాచకం మూడోది, ఆ పిల్ల చదువు మాత్రం ఇంకా మొదటి వాచకం మధ్యలోనే ఉంటుంది. ఆ పిల్లలు వలస నెలల్లో ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లు పెడతారు. అవి వలస మొదలవ్వకముందే తెరిస్తే, అమ్మానాన్నలకు నమ్మకం కలిగేలా నడిపితే, ఎంతోమంది చదువు నిలబడుతుందని కళ్లారా చూసి చెబుతున్నాను.

పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూడటానికి దేశమంతటా పల్లెల్లో జరిపే ఏసర్ సర్వే లెక్కలు కూడా ఈ సంగతే చెబుతున్నాయి. ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 20.9 శాతం, 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. 2022లో మూడో తరగతిలో ఉన్నది ఎవరనుకున్నారు? కోవిడ్‌కు బడులు మూతపడిన రోజుల్లో ఒకటో తరగతిలో చేరినవాళ్లు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడో తరగతికల్లా ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, చిన్న లెక్కలు రావాలని, అది కాకపోతే మిగతా విధానమంతా వ్యర్థమన్నంత గట్టిగా రాసింది. 2021లో కేంద్ర ప్రభుత్వం నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది అందుకోసమే.

టీచర్లను తిట్టడం తేలిక. కానీ చట్టం ప్రకారమే చూడండి. విద్యాహక్కు చట్టంలో 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. తరగతులు మాత్రం ఐదు. అంటే ఒక్కొక్కరు ఒకేసారి రెండు మూడు తరగతుల్ని చూసుకోవాలి. ఒకరు సెలవు పెడితే ఐదూ ఒకరి మీదే. ఐదో తరగతివాళ్లకి ఏదో రాసుకోమని ఇచ్చి ఒకటో తరగతి పిల్లల పలకలు పట్టుకోవడం నాకు రోజూ ఉండేది. ఐదో తరగతిలో ఫెయిల్ చేస్తే దారికొస్తారనే మాట ఈమధ్య మళ్లీ వినిపిస్తోంది. నేనైతే ఒప్పుకోను. ఒకటో తరగతిలో తప్పిపోయింది ఐదో తరగతి పుస్తకం ఇంకోసారి చదివితే రాదు.

వెనకబడినవాళ్లు ఇక కోలుకోరా అంటే, కోలుకుంటారు. మా హైస్కూల్లో ఆరో తరగతిలో చేరిన ఒక అమ్మాయి చూసి రాయడం తప్ప ఏమీ చేయలేకపోయేది. అలాంటివాళ్లను తరగతితో పని లేకుండా, ఎవరికి ఎంత వచ్చో చూసి గుంపులు చేసి, మధ్యాహ్నం అన్నం తిన్నాక చిన్న కథలు చదివించాం. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చాలాచోట్ల చేయించే పద్ధతే ఇది. ఏడాది తిరిగేసరికి ఆ అమ్మాయి చదవగలిగింది. కానీ తనకంటే చిన్న పిల్లల పుస్తకం అందరి ముందూ చదవాల్సి వచ్చినందుకు ఎంత సిగ్గుపడేదో నాకు తెలుసు. ఏడేళ్ల వయసులో ఆ సిగ్గు ఉండదు, తప్పు చదివినా నవ్వుతూ మళ్లీ చదువుతారు. చిన్నప్పుడే నేర్పాలని నేను పట్టుబట్టేది ముఖ్యంగా ఇందుకే.

ఇక మీ బాబు సంగతి. నోటుపుస్తకం చూసి మోసపోకండి. బోర్డు మీదిది గుండ్రంగా దించుకుని, తాను రాసిందే చదవలేని పిల్లలు చాలామంది ఉంటారు. పాఠం చదవమని కూడా అడగొద్దు, బట్టీ పట్టి బొమ్మ చూస్తూ అప్పజెప్పేస్తారు. పాఠం మధ్యలో ఏదో ఒక మాట మీద వేలుపెట్టి అదేమిటో చెప్పమనండి. ఎప్పుడూ చూడని కథ ఒకటి నాలుగు వాక్యాలు చదివించి, ఏం జరిగిందో తన మాటల్లో చెప్పమనండి. మూడు వందల నాలుగు రాయించండి. ఇంగ్లిష్ మీడియం అయినా ముందు తెలుగులోనే చూడండి. ఇంట్లో మాట్లాడే భాషలో చదివి అర్థం చేసుకోగలిగిన బిడ్డకు ఇంగ్లిష్ చదవడం పట్టుబడటం తేలికవుతుందని నా అనుభవం.

అవన్నీ వస్తే ఆ ఊరి బడి తన పని బాగా చేస్తున్నట్టే, టౌన్ గురించి తొందరపడకండి. రాకపోతే ఈ వారంలోనే వెళ్లి వాళ్ల టీచర్‌ను కలవండి. "వీడికి ఎంతవరకు వచ్చింది, ఇంట్లో మేమేం చదివించాలి" అని అడగండి. మార్కుల గురించి తప్ప ఇలా అడిగే తల్లిదండ్రులు మాకు అరుదుగా దొరుకుతారు. అడిగితే ఏ టీచరైనా కూర్చోబెట్టి చెబుతారు. రాత్రి అన్నాలయ్యాక పావుగంట పక్కన కూర్చుని వాడిచేత చదివించుకోండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు, వాడు చదువుతుంటే విని "తర్వాతేమైంది?" అని అడిగితే చాలు.