పన్నెండు దాటిన బండికి తేదీ తప్పితే నష్టం ఎవరిది?

ప్రశ్న: మాది కాజీపేట. మనవడి పుట్టెంట్రుకలకు ఆరుగురం తిరుపతి పోదామని టికెట్ల ఏజెంటుకు 'పద్నాలుగు రాత్రి బండికి' అని వాట్సాప్ పెట్టాను. బండి రాత్రి 12:40కి. అతను 14వ తేదీకే తీశాడు. 14 రాత్రి బోగీ ఎక్కితే మా బెర్తుల్లో వేరేవాళ్లు పడుకుని ఉన్నారు. మీ బండి నిన్న రాత్రే పోయిందని టీటీఈ చెప్తే వరంగల్ స్టేషన్‌లో దిగిపోయాం. టికెట్ల 2,700 పోయాయి, ప్రైవేటు బస్సుకు 9,600 అయ్యాయి. ఏజెంటేమో తన కమిషన్ 300 మాత్రం ఇస్తానంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: పిల్లలతో అర్ధరాత్రి ప్లాట్‌ఫారం మీద నిలబడాల్సి రావడం చిన్న కష్టం కాదు. అయితే రైల్వేను పక్కన పెట్టండి. టికెట్ మీది తేదీకి బండి నడిచింది. కన్ఫర్మ్ టికెట్ మీద బండి ఎక్కకపోతే, అది వెళ్లిపోయాక డబ్బు వెనక్కి రాదు. మీ తగాదా ఏజెంటుతోనే.

మన మాటల్లో తెల్లారేదాకా పద్నాలుగు రాత్రే. రైల్వేకు పన్నెండు కొట్టగానే తేదీ మారుతుంది. మీకు కావలసింది 15వ తేదీ టికెట్. ఈ తేడా తెలిసి ఉండటమే ఏజెంటు పని, మీరు కమిషన్ ఇచ్చింది అందుకే. 'పదమూడు తెల్లవారితేనా, పద్నాలుగు తెల్లవారితేనా' అని ఒక్కమాట అడగకుండా టికెట్ తీయడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని నేనైతే గట్టిగా వాదిస్తాను.

మీ వైపు లోటు కూడా ఉంది. టికెట్ చేతికొచ్చాక తేదీ చూశారా? 'ఓకే' అని జవాబు పెట్టి ఉంటే అతను మొదట చూపించేది అదే. బుకింగ్‌లో ఇచ్చిన ఫోన్ నంబరు ఎవరిదో కూడా చూడండి. అతనిదైతే రైల్వే మెసేజ్ మీకు రానట్టే, అది మీకు బలం.

12,300 మొత్తం అడగకండి. తేదీ సరిగ్గా ఉన్నా 2,700 ఖర్చయ్యేదే కదా. అదనంగా పడింది బస్సు 9,600. దానికి కమిషన్ 300, పడిన ఇబ్బందికి కొంత కలిపి, 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. దారికి రాకపోతే వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు సేవకు రుసుము లేదు, వకీలు లేకుండా మీరే వేసుకోవచ్చు, గడువు రెండేళ్లు.

ఈలోగా అతను 5,000 దాకా వస్తే ఒప్పుకోవడమే మేలంటాను, తప్పులో మీకూ కొంత వాటా ఉంది కాబట్టి. పెద్దమనుషుల్లో తేలినా సరే, కాగితం మీద సంతకాలు చేయించుకోండి. అప్పటిదాకా ఫోన్ మార్చినా ఆ చాట్ చెరిగిపోనివ్వకండి.