రుషికుల్య ఇసుకలో నాలుగు సీజన్లు

మీరు అడిగింది ఇది: "మాది బాపట్ల. బీటెక్ రెండో సంవత్సరం. వాతావరణ మార్పు, పేదరికం, గొడవలు, యుద్ధాలు... ఇంత పెద్ద సమస్యల మీద మాలాంటి వాళ్లు వాలంటీర్లుగా పనిచేస్తే నిజంగా ఏమైనా మారుతుందా? విదేశాల్లో వాలంటీరింగ్ అని డబ్బు కట్టమనే సంస్థల్ని నమ్మొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

డబ్బు సంగతి ముందు చెప్పేస్తాను. కట్టకండి. మా హాస్టల్లో ఒక స్నేహితుడు ఒక ఏజెన్సీకి రిజిస్ట్రేషన్ అని, ట్రైనింగ్ అని రెండు విడతలుగా కట్టాడు. చివరికి చేతికొచ్చింది మూడు ఆన్‌లైన్ క్లాసులు, ఒక సర్టిఫికెట్. వాళ్ల నాన్న ఆటో నడుపుతారు. ఆ డబ్బు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఐక్యరాజ్యసమితికి వాలంటీర్ల కోసమే 1971 నుంచి ఒక విభాగం నడుస్తోంది, దాని కేంద్రం జర్మనీలోని బాన్ నగరంలో ఉంది. దానికి దరఖాస్తు పెట్టడానికి రూపాయి కూడా కట్టక్కర్లేదు. 18 నుంచి 26 ఏళ్ల వాళ్లకు విడిగా యూత్ వాలంటీర్ విభాగం ఉంది. ఇంట్లో కూర్చుని అనువాదం, డిజైన్, డేటా పనులు చేసే ఆన్‌లైన్ వాలంటీరింగ్ కూడా ఉంది. ఐక్యరాజ్యసమితి పేరు చెప్పి ఎవరైనా ఫీజు అడిగితే అది మోసమని అక్కడికక్కడే అర్థం చేసుకోండి.

ఇక అసలు ప్రశ్న. ఏమైనా మారుతుందా? నాకు తెలిసింది ఒక్క తీరం. దాని గురించే చెప్తాను.

మాది ఇచ్ఛాపురం దగ్గర ఊరు. డిగ్రీ బరంపురంలో చదివాను. అక్కడికి దగ్గర్లోనే, గంజాం దగ్గర, రుషికుల్య నది సముద్రంలో కలుస్తుంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులు గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టే చోట్లు ప్రపంచంలో చాలా కొద్ది. వాటిలో ఇదొకటి. అక్కడ ఇంత పెద్దగా గుడ్లు పెడుతున్నాయని శాస్త్రవేత్తలు బయటి ప్రపంచానికి చెప్పింది 1994లో. ఊళ్లోవాళ్లకు మాత్రం తాతల నాటి నుంచి తెలుసు. 2025 ఫిబ్రవరిలో పది రోజుల్లోపే దాదాపు 7 లక్షల తాబేళ్లు ఒడ్డుకొచ్చాయని ఒడిశా అటవీశాఖ లెక్క తేల్చింది. కొన్నేళ్లు అసలు గుంపుగా రావు.

నేను మొదటిసారి వెళ్లింది ఫొటోల కోసం. ఆ రాత్రి ఒక తాబేలు ఇసుక తవ్వుతుంటే ఫ్లాష్ వేసి ఫొటో తీశాను. చీకట్లోంచి ఒక పెద్దాయన గొంతు వినిపించింది. "ఆ లైటు ఆర్పు బాబూ. బెదిరితే గుడ్లెట్టకుండా ఎలిపోద్ది." ఒడిశాలో, ఆ చీకట్లో, మా ఇంట్లో మాట్లాడే తెలుగు విని ఆగిపోయాను. గంజాం తీరంలో చేపల వేట చేసుకునే నోలియాలనే మత్స్యకారుల్లో చాలామంది ఇళ్లలో మాట్లాడేది తెలుగే. ఆయన నన్ను తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చూడమన్నాడు. తాబేలు వెనక కాళ్లతో, మనం చేత్తో తోడినంత జాగ్రత్తగా, కూజా ఆకారంలో గుంట తవ్వింది. నూటికి అటూ ఇటూగా గుడ్లు పెట్టింది. ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పైన గట్టిగా అదిమి, వెనక్కి తిరిగి చూడకుండా నీళ్లలోకి వెళ్లిపోయింది. అంతా కలిపి గంట పట్టిందేమో. నేను మళ్లీ ఫోన్ తీయలేదు.

ఆ ఏడాది నుంచి వరసగా నాలుగు సీజన్లు వెళ్లాను. పురునాబంధ ఊరి కుర్రాళ్లు తాబేళ్ల రక్షణకు ఒక కమిటీ పెట్టుకుని చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. మాలాంటి కాలేజీ పిల్లలం వాళ్ల వెనక నడిచేవాళ్లం. పని చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు. తెల్లవారక ముందే తీరం వెంట నడవాలి. చచ్చి కొట్టుకొచ్చిన తాబేలు కనిపిస్తే వీపు డిప్ప పొడవు కొలిచి, ఆడదో మగదో రాసుకుని, రెండోసారి లెక్కలోకి రాకుండా దాని మీద పెయింట్ గుర్తు పెట్టాలి. తర్వాత గొయ్యి తీసి పూడ్చాలి. ఆ వాసన రెండు రోజులైనా చేతుల్ని వదలదు. మొదటి వారంలోనే సగం మంది మానేశారు. వాళ్లను తప్పు పట్టను. కానీ మిగిలిన వాళ్లం రాసిన ఆ నోటు పుస్తకాల వల్లే ఏ నెలలో, ఏ వైపు ఎక్కువ చస్తున్నాయో తెలిసింది.

గుడ్లు పెట్టిన నలభై అయిదు, యాభై రోజులకు పిల్లలు బయటికొస్తాయి. అరచేతిలో పట్టేంత ఉంటాయి. రాత్రిపూట సముద్రం మీద ఉండే మసక వెలుగును చూసి అటు పాకడం వాటికి పుట్టుకతో వచ్చిన తెలివి. ఇప్పుడు సముద్రం కంటే రోడ్డు మీద లైట్లు, ఊళ్ల లైట్లు ఎక్కువ వెలుగుతున్నాయి. పిల్లలు దారి తప్పి అటు పాకుతాయి. తెల్లారితే కాకులు, కుక్కలు. మేం బకెట్లు పట్టుకుని పొదల్లో, దారుల్లో వెతికి ఏరి నీళ్ల దగ్గర వదిలేవాళ్లం. ఒక రాత్రి ఎన్ని బకెట్లో లెక్క పెట్టడం మానేశాం. ఇంకో సంగతి ఆ పనిలోనే తెలిసింది. గూట్లో ఇసుక వేడి ఎక్కువైతే పుట్టేవి ఎక్కువగా ఆడపిల్లలే అవుతాయట. భూమి వేడెక్కడం అనే మాట పేపర్లో చదివినప్పుడు ఏమీ అనిపించలేదు. మండే ఇసుకలో చెయ్యి పెట్టినప్పుడు అనిపించింది.

అసలు నేర్చుకున్నది మాత్రం రెండో సీజన్లో. అది తాబేళ్ల దగ్గర నేర్చుకున్నది కాదు.

మేం చార్టులు రాసుకుని ఒక పల్లెకి వెళ్లాం. తాబేళ్లు వలల్లో పడితే ఊపిరాడక చస్తాయని, అవి గాలి పీల్చే జీవాలని, వాటిని కాపాడాలని నేనే మాట్లాడాను. అందరూ మర్యాదగా విన్నారు. చివర్లో ఎండుచేపలు అమ్ముకునే ఒకావిడ లేచింది. "తాబేలంటే మాకు కూర్మావతారం బాబూ. వలలో పడితే దండం పెట్టి వదిలేత్తాం. నువ్వు మాకు సెప్పక్కర్లేదు. నవంబరు నుంచి మే దాకా ఏట లేదంటున్నారు. ఆ ఏడు నెలలు నేను అప్పు దేంతో కట్టాలి? అది సెప్పు ముందు."

నా దగ్గర సమాధానం లేదు. ఆమె చెప్పింది నిజం. రుషికుల్య, దేవి, ధామ్రా నదీ ముఖాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట నిషేధం. తాబేళ్లను ఎక్కువగా చంపేది ఇంజను బలంతో వల ఈడ్చే పెద్ద ట్రాలర్లు. ఆకలి మాత్రం చిన్న పడవల వాళ్లదీ, వాళ్ల చేపలు అమ్ముకునే ఆడవాళ్లదీ. మేం పోస్టర్ పట్టుకుని వెళ్లింది తప్పు చేయని వాళ్ల దగ్గరికి.

మర్నాటి నుంచి మా పని మారింది. నిషేధం ఉన్నప్పుడు కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే సాయం చాలామందికి అందడం లేదు. ఒకరికి ఆధార్‌లో పేరు ఒకలా, బ్యాంకులో ఇంకోలా ఉంది. ఇంకొకరికి పడవ లేదు కాబట్టి జాబితాలో పేరే లేదు. పదిహేను రోజులు వాళ్ల గుమ్మాల్లో కూర్చుని ఫారాలు నింపాం. ఒక ఆఫీసులో మమ్మల్ని మూడుసార్లు తిప్పి పంపారు, నాలుగోసారి తీసుకున్నారు. పాతిక కుటుంబాలకు పైగా డబ్బు పడింది. ఆ తర్వాతే ఆ పల్లె కుర్రాళ్లు రాత్రి గస్తీకి మాతో రావడం మొదలైంది. ఎవరూ రమ్మని అడగలేదు.

మీరు అడిగిన గొడవలు, యుద్ధాల సంగతి కూడా నాకు అక్కడే అర్థమైంది. గస్తీ సిబ్బంది మాట్లాడేది ఒడియా, పడవల వాళ్లది తెలుగు. వల పట్టుకున్నారని ఒక సాయంత్రం ఒడ్డున గొడవ మొదలైంది, కర్రలు కూడా లేచాయి. సరిహద్దు వాణ్ణి కాబట్టి నాకు రెండు భాషలూ వచ్చు. ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పాను. తిట్లు వదిలేసి విషయం మాత్రమే చెప్పాను. అరగంటకి వల వెనక్కి వచ్చింది, ఇంకోసారి నిషేధం గీత దాటబోమని పడవల వాళ్లు ఒప్పుకున్నారు. నేను చేసింది అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భయం వల్ల కాదు, నా మాతృభాష ఇలా కూడా పనికొస్తుందా అని.

తర్వాత చదివితే తెలిసింది, ఈ పని ఎప్పటి నుంచో ఉందని. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక 1920లో పియర్ సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ ఆయన, ఫ్రాన్స్‌లో వెర్దూన్ దగ్గర బూడిదైన ఎన్ అనే ఊరిని తిరిగి కట్టడానికి వాలంటీర్లను తీసుకెళ్లాడు. వాళ్లలో జర్మన్లూ ఉన్నారు, అంటే నిన్నటి శత్రువులు. స్థానికంగా వ్యతిరేకత రావడంతో కొన్ని నెలలకే ఆపేయాల్సి వచ్చింది. అయినా ఆయన వదల్లేదు. 1934లో బీహార్ భూకంపం వచ్చినప్పుడు తన వాళ్లతో మన దేశానికీ వచ్చి ఊళ్లు కట్టే పని చేశాడు. సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ అలా పుట్టింది, ఇప్పటికీ చాలా దేశాల్లో క్యాంపులు పెడుతోంది. ఎన్‌లో ఆగిపోయిన ఆ పని గురించి చదువుతుంటే నాకు ఆ ఎండుచేపల ఆవిడే గుర్తొచ్చింది. మంచి ఉద్దేశంతో వెళ్లినంత మాత్రాన ఊరు మనల్ని రానివ్వాలని లేదు.

మీరన్న పెద్ద సమస్యల మాటకు వస్తే, ఈ తాబేలు దేశాల మధ్య కేసు దాకా వెళ్లింది. తాబేలు తప్పించుకునే పరికరం లేకుండా పట్టిన రొయ్యను కొనబోమని అమెరికా అంటే, ఇండియా, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేశాయి. తాబేళ్లను కాపాడాలనుకోవడం సరైనదేనని, కానీ దేశాల మధ్య తేడా చూపిస్తూ అమలు చేయడం తప్పని 1998లో తీర్పొచ్చింది. ఆ పరికరం పెద్ద విషయమేమీ కాదు. వల లోపల ఏటవాలుగా ఒక ఇనుప చట్రం, దాని దగ్గర బయటికి దారి. రొయ్యలు కడ్డీల మధ్య నుంచి లోపలికి పోతాయి, తాబేలు బయటికి జారిపోతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపోయేలా ఒకటి తయారు చేసింది. చేపలు కూడా పోతాయని బోటు యజమానుల భయం. ఆ భయాన్ని కొట్టిపారేయకుండా, వాళ్ల బోటు మీదే వెళ్లి ఎంత పోతోందో లెక్క రాసి చూపించే కుర్రాళ్లు కావాలి. మీలాంటి ఇంజనీరింగ్ పిల్లలకు ఇది సరిగ్గా సరిపోయే పని అని నా నమ్మకం.

మరి ఏమైనా మారిందా? ఆ తీరంలో తాబేళ్లు ఇప్పటికీ వలల్లో చస్తున్నాయి. పోడంపేట అనే పల్లెను సముద్రం కోసేస్తే చాలా కుటుంబాలు లోపలికి తరలిపోవాల్సి వచ్చింది. దాన్ని ఏ వాలంటీరూ ఆపలేకపోయాడు. కానీ గుడ్లు పిగిలే రాత్రుల్లో ఊళ్లోవాళ్లే వీధి లైట్లు ఆర్పుతున్నారు. బకెట్లు పట్టుకుని ముందు పరిగెత్తేది వాళ్ల పిల్లలే. నేను ఉద్యోగానికి వెళ్లిపోయాక కూడా అది ఆగలేదు. అందుకే మారుతుందనే నా సమాధానం. ఒక్క రోజు బీచ్ క్లీనింగ్‌కి వెళ్లి ఫొటో పెట్టి మర్చిపోతే మాత్రం ఏమీ మారదు. ఒకే చోటికి కనీసం రెండు సీజన్లు వెళ్లండి.

మీ విషయానికి వస్తే విదేశాల దాకా అక్కర్లేదు. ఇవే తాబేళ్లు మీ బాపట్ల తీరంలోనూ గుడ్లు పెడతాయి. డిసెంబరులోనే మీ దగ్గరి అటవీశాఖ రేంజ్ ఆఫీసుకి వెళ్లి, కాపాడటానికి గుడ్లు సేకరించే వాళ్లతో రాత్రి నడవొచ్చా అని అడగండి. మీ కాలేజీలో ఎన్ఎస్ఎస్ ఉంటే ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో ఒక లెటర్ రాయించుకుంటే పని సులువవుతుంది. ఏడాదికి 120 గంటలు ఎలాగూ చేయాలి కదా, అవన్నీ ఇక్కడే పెట్టొచ్చు. ఒంటరిగా మాత్రం వెళ్లకండి. గుడ్లను మీరంతట మీరు ముట్టుకోకండి, ఈ తాబేళ్లు వన్యప్రాణి రక్షణ చట్టంలో, ఎక్కువ రక్షణ ఉండే మొదటి షెడ్యూల్లో ఉన్న జీవాలు. ఇంట్లో టెన్షన్ పడితే అమ్మనో నాన్ననో ఒక రాత్రి వెంట తీసుకెళ్లండి. మా అమ్మ అలాగే ఒప్పుకుంది.

టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోండి. చెప్పులు వద్దు, ఉత్తి పాదాలతో నడిస్తేనే ఇసుకలో గూడు ఉన్నట్టు తెలుస్తుంది. మొదటి వారం ఎవరికీ ఏమీ చెప్పకుండా వేటవాళ్ల పక్కన కూర్చుని వినండి. మొన్న ఫిబ్రవరిలో ఆ పెద్దాయన ఫోన్ చేశాడు. "దచ్చినం గాలి మొదలైంది బాబూ, రెండు రోజుల్లో వచ్చేత్తాయి" అన్నాడు. నేను సెలవు పెట్టి, రైలెక్కి, ఆయన చెప్పిన రోజుకి అక్కడ ఉన్నాను.