డిక్లైన్ కర్వ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: పెట్రోలియం ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈ మధ్య ఇంటర్న్‌షిప్‌లో, బావుల ఉత్పత్తి డేటాకు డిక్లైన్ కర్వ్‌లు (కాలం గడిచేకొద్దీ ఉత్పత్తి ఎలా తగ్గుతుందో చూపే గీతలు) ఫిట్ చేసే సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాను. డేటా ఎక్కించి 'బెస్ట్ ఫిట్' నొక్కితే గీత వచ్చేస్తుంది, ఇంకా ఎంత చమురు వస్తుందో అంకె కూడా వచ్చేస్తుంది. పని నచ్చింది. కానీ ఒక్క బటన్‌తో అయిపోయే పనికి మనిషిని ఎందుకు పెట్టుకుంటారన్న టెన్షన్ పట్టుకుంది. అదే సాఫ్ట్‌వేర్‌లో సర్టిఫికెట్ కోర్సు చేయమని సీనియర్లు చెబుతున్నారు. నాన్న మాత్రం ఇదంతా వదిలేసి కోడింగ్ వైపు వెళ్లమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: 'పని నచ్చింది' అని రాశారు చూడండి, నేను ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. కౌన్సెలింగ్‌లోకి రాకముందు కొన్నేళ్లు రిజర్వాయర్ (భూమిలో చమురు, గ్యాస్ ఉండే రాతిపొర) విభాగంలో నేనూ ఇదే పని చేశాను. ఆ బటన్ వెనక ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను. అది అర్థమైతే కోర్సు సంగతీ కోడింగ్ సంగతీ మీరే తేల్చుకోగలరు.

ముందు ఒక చిన్న లెక్క చేయండి. కాలిక్యులేటర్ చాలు. ఒక బావి రోజుకు 1000 బ్యారెళ్లతో మొదలైంది, తొలి క్షీణత రేటు ఏడాదికి 0.3 అనుకుందాం. మీ సాఫ్ట్‌వేర్ వాడేది బహుశా 1945లో ఆర్ప్స్ అనే ఇంజినీర్ తన పేపర్లో ఇచ్చిన సమీకరణమే. అందులో గీత ఎంత వంపు తిరగాలో 'బి' అనే విలువ చెబుతుంది. బి సున్నా అయితే ఎక్స్‌పొనెన్షియల్ (ఏటా ఒకే శాతం తగ్గడం), ఒకటి అయితే హార్మోనిక్, మధ్యలో ఉంటే హైపర్‌బోలిక్. మొదటి ఏడాది చివరికి బి సున్నా అయితే రోజుకు 741 బ్యారెళ్లు, 0.5 అయితే 756, ఒకటి అయితే 769 వస్తాయి. బావి డేటాలో నెలనెలా కనిపించే ఎగుడుదిగుడులు ఇంతకంటే ఎక్కువే ఉంటాయి. అంటే ఏడాది డేటా మీద మూడు గీతలూ చక్కగానే కూర్చుంటాయి. ఇప్పుడు పదో ఏడాది చివరికి వెళ్లండి. మొదటి గీత 50 బ్యారెళ్లు అంటుంది, రెండోది 160, మూడోది 250. ఒకే బావికి అయిదు రెట్ల తేడా!

ఈ మూడింటిలో ఏది నిజమో ఏడాది డేటాలో లేదు. లేనిదాన్ని సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి తెస్తుంది? అది చేసే పని చాలా చిన్నది. మీరిచ్చిన చుక్కలకూ గీతకూ మధ్య ఉన్న తేడాలను వర్గం చేసి కలిపి, ఆ మొత్తం ఎక్కడ అతి తక్కువ అవుతుందో వెతుకుతుంది. బావి మూసి ఉన్న నెల, చోక్ (ప్రవాహాన్ని అదుపు చేసే కవాటం) తగ్గించిన నెల, పంపు మార్చాక ఉత్పత్తి ఎగసిన నెల, అన్నీ దానికి ఒకటే. ఆర్ప్స్ పద్ధతి పనిచేయాలంటే మాత్రం కొన్ని షరతులు ఉన్నాయి. బావి అడుగున పీడనం ఇంచుమించు స్థిరంగా ఉండాలి. బావి ప్రభావం అది చమురు లాగే ప్రాంతపు హద్దుల దాకా చేరి ఉండాలి. మధ్యలో బావి తీరును మార్చేసే వర్కోవర్‌లాంటిది (బావికి చేసే పెద్ద మరమ్మతు) జరగకూడదు. ఈ షరతులు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా నిలిచాయో చూసి, ఆ ముక్కకే కర్వ్ వేయాలి. ఆ ముక్క ఏదో తేల్చగలిగినవాళ్లకే జీతం ఇస్తారు.

నేనిది దెబ్బతిని నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గ్యాస్ బావికి కర్వ్ వేశాను. చివరి మూడు నెలల చుక్కలు బాగా కిందికి జారి ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ గీతను అటు వంచింది, నేను అలాగే నివేదిక రాసి ఇచ్చేశాను. మా సీనియర్ ఒక్కటే అడిగారు: "ఆ నెలల్లో బావి ఎన్ని రోజులు నడిచిందమ్మా?" వెళ్లి చూస్తే, కంప్రెసర్ చెడిపోయి నెలలో సగం రోజులు కూడా నడవలేదు. నేను నెల ఉత్పత్తిని క్యాలెండర్ రోజులతో భాగించాను. బావి నిక్షేపంగా ఉంది, నా నివేదికలో మాత్రం దాని పని అయిపోయింది. పోనీ నడిచిన రోజులతో భాగిస్తే సరిపోతుందా అంటే, అదీ పూర్తిగా కాదు. మూసి ఉంచిన బావిలో పీడనం పుంజుకుంటుంది, తెరిచాక కొన్నాళ్లు మామూలుకంటే ఎక్కువ ఇస్తుంది. చివరికి ఆ మూడు నెలలను పక్కన పెట్టి, ఎందుకు పెట్టామో ఒక పేరా రాసి ఫైల్లో ఉంచాం. ఇలా కారణం రాసి పెట్టే అలవాటు మీరు ఇప్పటినుంచే చేసుకోండి. ఆ రోజు నుంచి నేను డ్రిల్లింగ్, మెయింటెనెన్స్ రిపోర్టులు చదవకుండా ఏ కర్వూ వేయలేదు.

డేటా గురించి ఇంకో మాట. చాలా క్షేత్రాల్లో ఒక్కో బావికీ విడిగా మీటరు ఉండదు. అన్ని బావుల ఉత్పత్తినీ కలిపి ఒకచోట కొలుస్తారు, ఒక్కో బావినీ విడిగా కొలిచేందుకు అప్పుడప్పుడు చేసే వెల్ టెస్టుల ఆధారంగా బావులకు పంచుతారు. మీ తెర మీద కనిపించే చుక్క అప్పటికే ఒకరి అంచనా అన్నమాట. ఇంటర్న్‌షిప్‌లో ఈ సంగతి మీకెవరూ చెప్పి ఉండకపోతే, వెళ్లి అడిగి తెలుసుకోండి.

సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లోనూ నిల్వల అంచనాను, అంటే ఇంకా ఎంత చమురు తీయగలమన్న అంకెను, మార్చేసేవి ఉన్నాయి. ఫిట్ మామూలు స్కేల్ మీద చేస్తే తొలి నెలల పెద్ద అంకెలు గీతను తమవైపు లాక్కుంటాయి. లాగ్ స్కేల్ మీద చేస్తే చివరి నెలల చిన్న అంకెలకూ అంతే బలం వస్తుంది. అదే బావి, అదే డేటా, రెండు వేర్వేరు జవాబులు. అలాగే క్షీణత రేటును కొన్నిచోట్ల నామినల్‌గా (సమీకరణంలో వేసే క్షణక్షణపు రేటు) అడుగుతారు, కొన్నిచోట్ల ఎఫెక్టివ్‌గా (ఏడాదిలో నిజంగా తగ్గిన శాతం) అడుగుతారు. ఎక్స్‌పొనెన్షియల్ క్షీణతలో నామినల్ 0.3 అంటే ఏడాదిలో నిజంగా తగ్గేది 25.9 శాతమే. దాన్నే ఎఫెక్టివ్ గడిలో 30 శాతం అని కొడితే, నామినల్ 0.357 అయి కూర్చుంటుంది. కంప్యూటర్ ఏ హెచ్చరికా ఇవ్వదు.

ఇక షేల్ (చాలా బిగుతైన రాయి) బావులది వేరే కథ. అక్కడ రాతిలోంచి ద్రవం చాలా నెమ్మదిగా కదులుతుంది, బావి ప్రభావం హద్దులకు చేరడానికి ఏళ్లు పడుతుంది. ఆ దశలో ఫిట్ చేస్తే బి ఒకటి దాటి 2 దగ్గరికి కూడా వెళ్తుంది. బి ఒకటి గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే, కాలాన్ని పొడిగించేకొద్దీ మొత్తం ఉత్పత్తి అంతులేకుండా పెరుగుతూనే పోతుంది. భూమిలో అంతులేని చమురు ఉండదు కదా. అందుకే క్షీణత ఏడాదికి 5 నుంచి 10 శాతం మధ్య ఏదో ఒక రేటుకు దిగగానే గీతను ఎక్స్‌పొనెన్షియల్‌కు మార్చడం వాడుకలోకి వచ్చింది. 2011లో వచ్చిన డువాంగ్ పద్ధతిలాంటివి ఈ ఇబ్బంది నుంచి పుట్టినవే. ఆ మార్పు 5 శాతం దగ్గర పెట్టాలా, 8 దగ్గర పెట్టాలా అన్నదానికి బటన్ లేదు. పక్క బావులు ఏం చేశాయో చూసి మనిషి చెప్పాలి, అడిగితే సమర్థించుకోవాలి.

ఎవరడుగుతారంటే, చాలామంది. ఆ అంకెను బట్టి కంపెనీ తన నిల్వలను ప్రకటిస్తుంది. పీ90, పీ50, పీ10 (కనీసం అంత వచ్చే అవకాశం 90, 50, 10 శాతం ఉన్న అంచనాలు) అని మీరు క్లాసులో చదివే ఉంటారు. క్షేత్రాన్ని కొనేవాళ్లు దాన్ని బట్టే ధర కడతారు, నిల్వలను తాకట్టు పెట్టుకుని అప్పిచ్చే బ్యాంకులు దాన్ని బట్టే అప్పిస్తాయి. అందుకే ఈ పని తెలిసినవాళ్లు చమురు కంపెనీల్లోనే కాకుండా నిల్వలను మదింపు చేసే కన్సల్టింగ్ సంస్థల్లో, బ్యాంకుల ఇంధన విభాగాల్లో కూడా కనిపిస్తారు. వీళ్లందరికీ గీతతో పాటు, దాని కింద సంతకం పెట్టి జవాబు చెప్పే మనిషి కావాలి.

మీ భయంలో నిజం లేకపోలేదు. వేల బావులకు ఒకేసారి కర్వ్‌లు వేసే ప్రోగ్రాములు ఇప్పటికే ఉన్నాయి. డేటా ఎక్కించి బటన్ నొక్కడం వరకే తెలిసినవాళ్లకు ఈ రంగంలో చోటు తగ్గుతోంది, ఇంకా తగ్గుతుంది. అయితే వెయ్యి బావుల్లో ఏ యాభైకి ఫిట్ తప్పుగా వచ్చిందో పసిగట్టి, కారణం చెప్పగలిగే మనిషికి పని తగ్గదని నా గట్టి నమ్మకం.

సర్టిఫికెట్ కోర్సు గురించి: చేతి డబ్బు పెట్టి చేయకండి. ఒక కంపెనీ ఏరీస్ వాడుతుంది, ఇంకొకటి పీహెచ్‌డీవిన్, మరొకటి ఓఎఫ్‌ఎం లేదా హార్మనీ. మెనూలు మారతాయి, లోపలి సమీకరణాలు ఒకటే. పునాది ఉన్నవాళ్లు ఏ ప్యాకేజీనైనా చేరాక కొన్ని వారాల్లో పట్టేస్తారు. మీ కాలేజీకి అకడమిక్ లైసెన్స్ ఉంటే మాత్రం ల్యాబ్‌లో కూర్చుని తనివితీరా వాడుకోండి.

నాన్నగారు చెప్పింది కొట్టిపారేయకండి. కోడింగ్ నేర్చుకోండి, కానీ దానికోసం ఇది వదలనక్కర్లేదు. పైథాన్‌లో సైపై లైబ్రరీలో కర్వ్‌ఫిట్ అనే ఫంక్షన్ ఉంది. ఆర్ప్స్ సమీకరణం రాసి ఆ ఫంక్షన్‌కు ఇస్తే ఇరవై ముప్పై లైన్లలో మీ సొంత డిక్లైన్ ప్రోగ్రాం తయారవుతుంది. మొదటిసారి హద్దులేమీ పెట్టకుండా నడపండి. బి రుణసంఖ్యగానో, 4గానో వచ్చినా ఆశ్చర్యపోకండి. తర్వాత హద్దులు పెట్టండి, మొదటి అంచనా విలువలు మార్చి చూడండి. జవాబు ఎలా కదులుతుందో మీ కళ్లతో చూస్తే, ఖరీదైన ప్యాకేజీ లోపల ఏం జరుగుతోందో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

దానికి అసలు సిసలు డేటా కావాలి కదా. నార్వే వైపు ఉత్తర సముద్రంలో వోల్వ్ అనే క్షేత్రం ఉంది. 2008 నుంచి 2016 దాకా ఉత్పత్తి ఇచ్చింది. దాని డేటాను ఈక్వినార్ సంస్థ 2018లో విద్యార్థుల కోసం, పరిశోధకుల కోసం విడుదల చేసింది. బావి వారీగా రోజువారీ చమురు, గ్యాస్, నీరు, నడిచిన గంటలు, చోక్ సైజు, పీడనాలు అందులో ఉన్నాయి. ఒక బావిని ఎంచుకోండి. చివరి రెండేళ్ల డేటాను దాచిపెట్టి, ముందరి డేటాకే కర్వ్ వేయండి. తర్వాత దాచింది బయటికి తీసి పోల్చండి. మొదటి ప్రయత్నంలో అంచనా తప్పడానికే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అక్కడ రిజర్వాయర్‌లోకి నీరు ఎక్కించారు, బావుల్లో నీటి వాటా పెరుగుతూ వచ్చింది. అప్పుడు ఒక్కో బ్యారెల్ చమురుకు ఎంత నీరు వస్తోందో ఆ నిష్పత్తిని, అప్పటిదాకా వచ్చిన మొత్తం చమురుకు ఎదురుగా లాగ్ స్కేల్ మీద గీసి చూడండి. ఎక్కడ తప్పామో అక్కడ తెలుస్తుంది. ఒక నెల సెలవులు దీనికి కేటాయించండి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ రంగంలో ఉద్యోగాలు చమురు ధరతో పాటు లేస్తాయి, పడతాయి. 2014 చివర్లో ధరలు కూలినప్పుడు చాలామంది ఉద్యోగాలు పోయాయి. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ ధర బ్యారెల్‌కు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. మీరు డిగ్రీ పూర్తిచేసే ఏడాది ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అందుకే పైథాన్, గణాంకాలు గట్టిగా పట్టుకోమంటున్నాను. అవి ఏ రంగానికైనా పనికొస్తాయి. భూతాపంతో కరెంటు తీసే జియోథర్మల్ బావుల ఆవిరి ఉత్పత్తికి కూడా ఇవే డిక్లైన్ కర్వ్‌లు వాడతారు. కాబట్టి మీరు నేర్చుకున్నది ఒక్క చమురుకే కట్టుబడి ఉండదు.

వోల్వ్ బావి మీద చేసిన పనిని రెజ్యుమేలో రెండు లైన్లలో రాయండి: ఏ డేటా తీసేశారు, ఎందుకు తీసేశారు, అంచనా ఎంత తప్పింది. తప్పిందని రాయడానికి వెనకాడకండి. ఇంటర్వ్యూ చేసేది ఈ పని తెలిసినవాళ్లయితే ఆ లైన్ దగ్గరే ఆగి ప్రశ్నలు అడుగుతారు. ఆ ప్రోగ్రాం పూర్తయిన రోజు నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించండి. మీకు కోడింగ్ ఎంత వచ్చిందో ఆయనే చూస్తారు.